ఈలరాయుడి ముందు పన్ను

మన నోట్లో పెట్టే కట్టుడు పళ్ళను దంతవైద్యులే చేస్తారని చాలామంది అనుకుంటారు. నిజానికి క్లినిక్‌లో తీసిన అచ్చు ఒక చిన్న డబ్బాలో ఎక్కడికో వెళ్తుంది. కొన్నాళ్ళకు అక్కడి నుంచి పన్ను తయారై వస్తుంది. ఆ ఎక్కడో ఉన్న చోటు ఒక మందుల గోదాము పై అంతస్తులోని డెంటల్ ల్యాబు. అక్కడ కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చునే అమ్మాయిని తోటివాళ్ళు ముత్యం అంటారు. అది ఇంట్లో పెట్టిన పేరు కాదు, పనిని బట్టి వచ్చిన పేరు. పింగాణీ పొడిని నీటితో కలిపి, సన్నని కుంచెతో పొర మీద పొర వేసి, గుప్పెడంత కొలిమిలో కాల్చి, పక్క పళ్ళలో కలిసిపోయే పన్నును తీర్చడం ఆమె వృత్తి.

ఈ వృత్తిలో ఒక విచిత్రం ఉంది. చేసేవాళ్ళకు నోరే కనిపిస్తుంది గాని మనిషి కనిపించడు. వచ్చేది ప్లాస్టర్ నమూనా, పళ్ళ వరకే తీసిన ఒక ఫోటో, పక్కన డాక్టరు రాసిన నాలుగు ముక్కలు. ముత్యానికి ఊళ్ళో ఎంతోమంది నోళ్ళు తెలుసు, మొహాలు తెలియవు. "దారిలో ఎదురైతే ఎవర్నీ గుర్తుపట్టను. ఒక్కసారి ఆవులించమనండి, చెప్పేస్తాను," అని ఆమే అంటుంది.

ఆమెకు ఎదురుగా కూర్చునేది మేస్త్రి. మైనంతో మొత్తం పళ్ళ సెట్లు మలిచే పెద్దాయన. ఆయనకు పని కంటే మాట ఎక్కువ, మాట కంటే టీ ఎక్కువ.

సంగతి మొదలయ్యే నాటికి ముత్యం ఇరవైల చివర్లో ఉంది. డేటింగ్ యాప్ ఒకటి ఆమె ఫోనులోకి వచ్చి ఏడాది దాటింది. దాన్ని పెట్టించింది అక్క. అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకే అద్దె ఇంట్లో ఉంటారు. లిఫ్టులు బాగుచేసే కంపెనీలో ఫోను ఎత్తడం అక్క ఉద్యోగం. లిఫ్టు మధ్యలో ఆగిపోయి లోపలివాళ్ళు గంట నొక్కితే పలికేది ఆమె గొంతే. "భయపడకండి, గాలి ఆడుతుంది, మెకానిక్ బయల్దేరాడు," అని రోజంతా చెప్పీ చెప్పీ ఆ ధోరణి ఇంటికి కూడా పాకింది. చెల్లెలి గురించి ఆమె తీర్మానం ఒకటే: "ఎవరెవరి పళ్ళో చూస్తూ కూర్చుంటావు. పళ్ళ పైన మొహాలు కూడా ఉంటాయే, కాస్త తలెత్తి చూడు."

మొదట్లో అది సరదాగానే సాగింది. కొలిమిలో పన్ను కాలుతున్నంతసేపు చేతికి పని ఉండదు. ఆ ఖాళీలో ముత్యం బొటనవేలితో మొహాలను ఇటో అటో తోసేది. ఇటు తోస్తే ఇష్టం, అటు తోస్తే వద్దు. ఇద్దరూ ఇటే తోసుకుంటే మ్యాచ్ అయినట్టు, అప్పుడు మాట్లాడుకోవచ్చు. ఇతరులను చూడటంలో ఆమెకు ఏ ఇబ్బందీ కలగలేదు. కాని తన ఫోటోను కూడా ఎవరో టీ తాగుతూనో, బస్సు కోసం నిలబడో, అంతే తేలిగ్గా అటు తోసేస్తున్నారన్న ఆలోచన ఒకరోజు వచ్చింది. వచ్చిన ఆలోచన వెళ్ళలేదు.

మ్యాచ్ రాని రోజుల్లో ఆమె తన ఫోటోనే ల్యాబుకు వచ్చే ఒక కేసులా పరిశీలించడం మొదలుపెట్టింది. కేసు అన్నాక లోపం ఉండి తీరాలి. వెతికితే దొరికింది. పై వరుసలో ఒక కోరపన్ను పక్క పన్ను మీదికి కాస్త ఎక్కి ఉంటుంది. చిన్నప్పటి నుంచీ ఉన్నదే; తిండికీ అడ్డు కాదు, మాటకీ అడ్డు కాదు. అన్నేళ్ళూ దాని ఊసే ఎత్తని మనిషి ఇప్పుడు ఫోటోలు దిద్దే యాప్‌తో ఆ పన్నును వెనక్కి నెట్టి వరుసను సాపు చేసింది. పళ్ళు చేసే చేతులు కాబట్టి ఆ దిద్దుబాటు ఎవరి కంటికీ అందనంత నేర్పుగా కుదిరింది.

మ్యాచ్‌లు పెరిగాయి. అసలు చిక్కు అక్కడే వచ్చిపడింది. ప్రతి సంభాషణా ఎప్పుడో ఒకప్పుడు "కలుద్దామా?" అనే మాట దగ్గరికి చేరుతుంది. కలిస్తే కోరపన్ను బయటపడుతుంది. అందుకని ఆ మాట రాగానే ముత్యం జవాబివ్వడం మానేసేది. అవతలివాళ్ళు ఆమెను గర్విష్ఠి అనుకుని ఉంటారు. ఆమె మాత్రం అలా మాయమైన ప్రతిసారీ తనను ఎవరో కాదన్నట్టే బాధపడేది.

యాప్ వల్ల ఆమెకు జబ్బు చేసిందని తేల్చేయడం సులువు గాని, సరికాదు. ఆమె వేళకు పనికి వెళ్తూనే ఉంది, నలుగురితో మాట్లాడుతూనే ఉంది. మారినవి చిన్నచిన్న అలవాట్లు. నవ్వు వస్తే చెయ్యి అడ్డం పెట్టుకోవడం వచ్చింది. పొడి పీల్చకుండా ల్యాబులో పెట్టుకునే మాస్కు ముందు భోజనాల బల్ల దాకా, తర్వాత వీధి దాకా, చివరికి ఇంటి దాకా వచ్చింది. నిద్ర పలచబడింది. మెలకువ రాగానే కళ్ళు పూర్తిగా తెరవకముందే చెయ్యి ఫోను కోసం తడుముకునేది.

"ఇంట్లో కూడా మాస్కేంటే?" అని అడిగింది అక్క.

"జలుబు."

"నెల్లాళ్ళ నుంచా? డాక్టర్లకి చెప్తే నిన్ను చూడ్డానికి క్యూ కడతారు."

"అబ్బా, కాస్త ఊపిరి ఆడనివ్వక్కా."

"ఊపిరాడాలంటే ముందు ఆ గుడ్డ తియ్యి. రోజుకి ఎంతమందికి చెప్తాననుకున్నావ్? ఇరుక్కున్నవాళ్ళకి తాము ఇరుక్కున్నట్టయినా తెలుసు. నీకు అదీ తెలియట్లేదు."

ముత్యానికి తెలుసు. తెలిసే ఒక నిర్ణయానికి వచ్చింది. ఫోటోను నోటికి సరిపోయేలా చేయడం కంటే నోటినే ఫోటోకు సరిపోయేలా చేయడం మేలనుకుంది. ల్యాబుకు ఎక్కువ పని పంపే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి తన పళ్ళకే అచ్చు తీయించుకుంది. కోరపన్నును అరగదీసి, దానిమీద పలుచని పింగాణీ తొడుగు అతికించాలి. తొడుగు తనే చేసుకుంటుంది. డాక్టరమ్మ చేతి తొడుగులు విప్పుతూ ఒకటే అంది: "బంగారంలాంటి పన్ను. అరగదీశాక మళ్ళీ పెరగదు. ఈ మాట వేరేవాళ్ళకైతే వివరంగా చెప్పేదాన్ని. నీకేం చెప్పను?" ఆ తర్వాత శనివారం ఉదయానికి సమయం ఇచ్చింది.

ఆ ప్లాస్టర్ నమూనాను ముత్యం మిగతా కేసుల వెనక దాచింది. మేస్త్రి చక్కెర డబ్బా కోసం వెతుకుతూ దాన్ని బయటికి తీశాడు.

"ఈ కేసెవరిదమ్మాయ్? చీటీ లేదు."

"అక్కడ పెట్టేయండి మేస్త్రిగారూ."

ఆయన దాన్ని వెలుతురుకు తిప్పి చూశాడు. "మంచి నోరు. ఈ కోరపన్ను చూడు, అమ్మ చంకనెక్కిన పిల్లలా ఎంత దర్జాగా కూర్చుందో! దీని మీద పెన్సిలు గీతలేంటి? అరగదీస్తారా? ఎవరా తెలివైన తల్లి?"

ముత్యం కుంచెను నీళ్ళలో ముంచింది. మేస్త్రి తల పైకెత్తి, మాస్కు పైన ఉన్న ఆ రెండు కళ్ళను చూశాడు. తర్వాత నమూనాను గుడ్డు దించినట్టు బల్ల మీద దించాడు.

"నేనేం అనలేదు. టీకి వెళ్తున్నా," అని గుమ్మం దాకా వెళ్ళి మళ్ళీ తిరిగాడు. "అనేశాననుకో. అన్నది మాత్రం వెనక్కి తీసుకోను."

సరిగ్గా ఆ వారమే యాప్‌లో ఈలరాయుడు కనిపించాడు.

ఈలరాయుడి గురించి కొంత వెనక్కి వెళ్ళి చెప్పాలి. కొన్ని నెలల కిందట ల్యాబుకు ఒక ముందు పన్ను కేసు వచ్చింది: పై వరుస, రోగి ఎడమవైపుది. ముత్యం ఎప్పటిలాగే పక్కనున్న సొంత పన్నును చూసి, దాని ప్రతిబింబంలా కొత్తదాన్ని చేసింది. సొంత పన్ను అంచున ఆవగింజంత తెల్లమచ్చ ఉంటే, అలాంటి మచ్చనే పింగాణీలో అద్దింది. పన్ను వెళ్ళింది, తిరిగి వచ్చింది. డాక్టరు రాసిన కారణం ఇది: "రోగి బస్టాండులో ప్రకటనలు చదువుతారు. స పలికితే మైకులో ఈల వినిపిస్తోందట." ముత్యం వెనకవైపు మందం తగ్గించి పంపింది. మళ్ళీ వచ్చింది. "ఈల కొంచెం తగ్గింది. ప్రయాణికులు ఇంకా నవ్వుతున్నారు." ల్యాబంతా ఆ కనపడని మనిషికి ఈలరాయుడని పేరు పెట్టి, టీ వేళ ఈలలు వేసుకుని ఆనందించింది. మూడోసారి ముత్యం పళ్ళు కొరుకుతూ మొదటి నుంచీ చేసింది. ఆ తర్వాత పన్ను తిరిగి రాలేదు.

ఇప్పుడు కొలిమి ముందు ఫోను పట్టుకుని కూర్చున్న ఆమెకు ఒక నవ్వు మొహం కనిపించింది. ఉద్యోగం: బస్టాండులో ప్రకటనలు చదవడం. ముందు పళ్ళ అంచున తెల్లమచ్చలు. ఆమె బొటనవేలు ఇష్టం వైపు తోసింది. ఇష్టం మనిషి మీదా, పన్ను మీదా అని అడిగితే ఆమె ఇప్పటికీ నవ్వేస్తుంది. అటువైపూ ఇష్టమే కావడంతో మ్యాచ్ అయింది, వెంటనే మెసేజ్ వచ్చింది.

"మీ ప్రొఫైల్లో 'చేతిపని' అని ఉంది. ఏం చేస్తారండీ?"

"చిన్నచిన్నవి. తెల్లగా ఉంటాయి."

"ముత్యాలా?"

ఆమె ఉలిక్కిపడి ఫోను బోర్లా పెట్టేసింది. ఆ తర్వాత దాన్ని మేస్త్రి ముక్కు దగ్గరికి తీసుకెళ్ళింది.

"ఈలరాయుడండీ! ఇదిగో నా పన్ను. చూశారా ఆ మెరుపు? లోపలి నుంచి వెలుతురు వస్తున్నట్టు లేదూ? పక్కనున్న ఆయన సొంత పన్ను చూడండి పాపం, జీవం లేదు. నాది పక్కన కూర్చునేసరికి వెలవెలబోయింది."

మేస్త్రి చాలాసేపు చూశాడు. "ఊఁ," అన్నాడు. "కుర్రాడు బాగున్నాడు."

"నేనడిగింది పన్ను గురించి."

"నేను చెప్పింది మొత్తం కేసు గురించి."

నాలుగు రోజుల కబుర్ల తర్వాత రావలసిన మాట వచ్చింది. "శుక్రవారం సాయంత్రం బస్టాండు క్యాంటీన్లో టీ తాగుదామా?" శుక్రవారమంటే పన్ను అరగదీయించుకునే ముందు రోజు. ఒక్క వారం ఆగితే ఆమె నోరు ఫోటోలాగే ఉంటుంది. వచ్చే వారం కలుద్దామని రాయబోయి ఆగింది. వచ్చే వారం నుంచి ఆయనకు వేరే డ్యూటీ అట, వేరే ఊరి బస్టాండట. ఎప్పటిలా మాయమైపోవడం ఒక్కటే దారి. ఈసారి అదీ చేతకాలేదు. అడ్డుపడింది ధైర్యం కాదు, వృత్తి. ఇన్నేళ్ళలో తాను చేసిన పన్ను ఒక మనిషి నోట్లో మాట్లాడుతుండగా, టీ తాగుతుండగా, నవ్వుతుండగా ఆమె ఒక్కసారి కూడా చూడలేదు.

"మాస్కుతోనే వెళ్తావా?" అంది అక్క, గుమ్మంలో.

"బస్టాండులో దుమ్ము కదే."

"సరే వెళ్ళు. భయపడకు, గాలి ఆడుతుంది."

బస్టాండులోకి అడుగుపెడుతుండగానే పైనున్న మైకు పలికింది. "ప్రయాణికుల సౌకర్యార్థం, సాయంత్రం సర్వీసు ఆరో నంబరు దగ్గర సిద్ధంగా ఉంది." ముత్యం నడిదారిలో నిలబడిపోయింది. వెనకనుంచి పెట్టె తగిలినా కదల్లేదు. స తర్వాత స వచ్చింది. ఎక్కడా ఈల లేదు. మాస్కు లోపల ఆమె మొహం విప్పారింది.

క్యాంటీన్‌లో కిటికీ పక్క కూర్చుంది. కాసేపటికి ఆయన వచ్చాడు, మెడలో గుర్తింపు కార్డు, చేతిలో రెండు టీ గ్లాసులు. "మీరేనా అండీ?" అని నవ్వాడు. ముత్యం నమస్కారం మరిచిపోయి ఆయన నోటి వంక చూస్తూ ఉండిపోయింది. ఎక్కడో ఏదో తేడాగా ఉంది. ఫోటోలో ఆమె మురిసిపోయిన పన్ను ఉండవలసిన చోట లేదు. దాని చోట ఉన్నది ఆ జీవం లేని పన్ను. మురిసిపోయిన పన్నేమో రెండో వైపుకు వెళ్ళి కూర్చుంది.

ఆయన నాలుకతో పళ్ళు తడుముకున్నాడు. "ఏమైనా ఇరుక్కుందా అండీ? భోజనం తొందరలో..."

"లేదు లేదు. మీరు పెట్టించుకున్న పన్ను ఎడమవైపుది కదా?"

ఆయన కంగారుగా నోరు మూసుకుని, చెయ్యి అడ్డం పెట్టుకుని, వేళ్ళ సందుల్లోంచి అడిగాడు. "అంత తెలిసిపోతోందా?"

"అయ్యో, తెలియట్లేదండీ! అదే నా గొడవ. ఆ పన్ను నేనే చేశాను."

ఈల సంగతి, మూడుసార్ల సంగతి, ల్యాబులో పెట్టిన పేరు సంగతి చెప్పక తప్పలేదు. ఈలరాయుడన్న మాటకు ఆయన టీ తొణికేలా నవ్వాడు. "నన్ను తిట్టుకునే ఉంటారు."

"రెండోసారి దాకా తిట్టలేదు. కానీ మీ ఫోటోలో పన్ను అటువైపుంది. ఇదెలా కుదురుతుంది?" అని ఆమె ఫోను తీసి ఆయన ముందు పట్టింది.

ఆయన ఒక్క చూపు చూసి, ఫోటోలో తన వెనకనున్న బోర్డు మీద వేలు పెట్టాడు. బోర్డు మీది అక్షరాలన్నీ తిరగబడి ఉన్నాయి. "సెల్ఫీ అండీ. నా ఫోనులో అద్దంలో బొమ్మలా పడుతుంది. కుడి ఎడమ, ఎడమ కుడి."

అన్ని రోజులు ఆ ఫోటోను చూసి కూడా ముత్యం ఆ బోర్డును చూడలేదు, పళ్ళు తప్ప ఏదీ చూడలేదు. తాను చేసిన పన్ను సొంత పన్నుకు ప్రతిబింబం. ఫోటో తిరగబడేసరికి సొంత పన్ను వచ్చి అచ్చంగా తన పన్ను చోటులో, తన పన్ను రూపంలో నిలబడింది. తాను మురిసిపోయింది ఆయన పుట్టుపన్నును చూసి. పాపం, జీవం లేదని జాలిపడింది తాను పళ్ళు కొరుకుతూ చేసిన పన్నును చూసి. ఇలాంటి పొరపాటు పళ్ళు చేసేవాళ్ళు తప్ప ఇంకెవరూ చేయలేరు.

ఆమెకు నవ్వు వచ్చింది. కొంచెంతో ఆగే నవ్వు కాదు. టీ కోసం మాస్కు ఎప్పుడో గడ్డం కిందికి జారింది, ఒక చేతిలో గ్లాసు, ఇంకో చేతిలో ఫోను ఉన్నాయి. అడ్డం పెట్టుకోవడానికి చెయ్యి మిగల్లేదు.

ఆయన చూశాడు. "ఇదేంటండీ? ఫోటోలో లేనివాళ్ళు ఒకరు వచ్చారు?"

నవ్వు ఆగింది. "ఫోటోలో తీసేశాను. రేపు నిజంగానే అరగదీయించుకుని తొడుగు వేయించుకుంటున్నా."

"నొప్పా?"

"కాదు."

"స పలికితే ఈల వస్తుందా?"

"రాదు."

"మరెందుకండీ?"

వినేవాళ్ళకు అది చాలా మామూలు ప్రశ్న. ముత్యం నెలల తరబడి ఆలోచించింది గాని ఆ ప్రశ్న మాత్రం ఎప్పుడూ వేసుకోలేదు. ఆయన రెట్టించలేదు. తన సంగతి చెప్పాడు: మెట్ల మీద జారి పన్ను పోగొట్టుకున్నాక కొన్నాళ్ళు ప్రకటనలు చదువుతూనే ఉన్నాడట, మైకుకు మొహం కనిపించదు కనుక. గది బయటికి వస్తే మాత్రం ఎవరితోనూ మాట్లాడేవాడు కాదట. "పన్ను లేనప్పుడు ఒకటే కోరిక, ఎలాగైనా ఒక పన్ను రావాలని. మంచి పన్ను ఉండి అరగదీయించుకుంటారని ఇప్పుడే వింటున్నా. నాకు తెలియని కారణమేదో ఉండే ఉంటుందిలెండి."

ఆయన్ను తొందరపెడుతూ ఎవరో కిటికీ అద్దం మీద తట్టారు. ఏడో నంబరు బస్సు ప్రకటన. ఆయన పరుగెత్తాడు. ఒంటరిగా మిగిలిన ముత్యం ఫోనులో తన దిద్దిన ఫోటోను తెరిచింది. అది కూడా సెల్ఫీయే. ఇంటి అద్దంలో, ఫోనులో, అన్నిచోట్లా తాను చూసుకుంటూ వచ్చింది తిరగబడ్డ మొహాన్నే. ఎదుటివాళ్ళు ఇన్నేళ్ళుగా చూస్తున్న మొహాన్ని ఆమె సరిగ్గా చూసిందే లేదు; తీర్పు మాత్రం ఇచ్చేసింది. తన చేతులతో చేసిన పన్నును గుర్తుపట్టలేని కన్ను అది. పైన మైకు "సమయం" అంది, "స్వాగతం" అంది. ఆమె మళ్ళీ నవ్వుకుంది, ఈసారి ఎవరూ లేకుండానే.

శనివారం ఉదయం ఆమె డాక్టరమ్మకు ఫోను చేసింది.

"మేడమ్, ఆ కేసు రద్దు."

"కారణం ఏమని రాయను?"

"పన్ను బాగుందని రాయండి."

"అది నేను మొదటి రోజే రాశాను," అని డాక్టరమ్మ ఫోను పెట్టేసింది.

వంటగదిలోంచి అక్క చెవి ఒగ్గి విన్నది. ఏమీ విననట్టు బయటికి వచ్చి, మాస్కు లేని చెల్లెలి మొహాన్ని చూసి, తన వృత్తి ధర్మం ప్రకారం ప్రకటించింది: "తలుపు తెరుచుకుంది. మెల్లగా బయటికి రండి. తోసుకోకండి."

అప్పటికే కాల్చి సిద్ధంగా ఉన్న తొడుగు వృథా కాలేదు. అది ఎవరి నోటికీ సరిపోదు గాని పని చాలా బాగా కుదిరింది. మేస్త్రి దాన్ని డాక్టర్లకు చూపించే నమూనాల పెట్టెలో పెట్టాడు. ప్లాస్టర్ నమూనా ఆయన బల్ల మీద చక్కెర డబ్బా పక్కన స్థిరపడింది. ఫోటోలో తన పన్ను ఏదో ఆ రోజే గుర్తుపట్టారా అని ముత్యం నిలదీస్తే, "నా కళ్ళజోడు ఆ రోజు జేబులో ఉందమ్మా. అందుకే కుర్రాడి వరకే చెప్పాను," అన్నాడు.

యాప్ కోసం ఆమె కొత్త ఫోటో తీసింది కూడా ఆయనే. ముక్కు మీద పింగాణీ పొడి ఉంది, చెయ్యి కొంచెం కదిలింది, కోరపన్ను మాత్రం దర్జాగా వచ్చింది. మ్యాచ్‌లు తగ్గాయి, ఎంత తగ్గాయో ఆమె లెక్క చూసుకోలేదు. దిగులు పూర్తిగా పోయిందని కూడా చెప్పలేం. ఒక్కో ఉదయం చెయ్యి ఇంకా ఫోను కోసం తడుముకుంటుంది. కాని కొలిమి వెలిగినప్పుడు ఫోను సొరుగులో ఉంటోంది, కలుద్దామన్న మాటకు అవుననో కాదనో జవాబు వెళ్తోంది.

ఈలరాయుడు ఇప్పుడు పక్క ఊరి బస్టాండులో పలుకుతున్నాడు. కొన్ని ఆదివారాలు ఇటు వస్తాడు, కొన్ని ఆదివారాలు ఆమె అటు వెళ్తుంది. ఇది ప్రేమేనా, ఇంకేమైనానా అని అక్క నిలదీస్తే ముత్యం తేల్చి చెప్పలేదు.

"ఇప్పుడే అచ్చు తీశామక్కా. ఎన్నిసార్లు వెనక్కి వస్తుందో చూడాలి."